ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్: ప్లాన్ వేయడం నుంచి దిగి వచ్చేదాకా సమగ్ర మార్గదర్శి

నేపాల్ ట్రెక్ అనగానే అందరూ ముందు అడిగేది "రోజుకు ఎన్ని కిలోమీటర్లు నడవాలి?" అని. విమానం దిగే లుక్లా నుంచి ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కు వెళ్లి రావడం సుమారు 130 కిలోమీటర్లు. పన్నెండు రోజులకు పంచితే రోజుకు పదకొండు కూడా రావు. ఓ మాదిరి నడక అలవాటున్నవాళ్లకు ఇది కొండంత పనేమీ కాదు. అయినా డింగ్‌బోచే, లోబుచే దగ్గర నుంచి వెనక్కి తిరిగేవాళ్లు ప్రతి సీజన్‌లోనూ కనిపిస్తారు. వాళ్లలో జిమ్ముకెళ్లి కండలు పెంచినవాళ్లూ ఉంటారు. కాళ్లు బాగానే ఉంటాయి, తల పగిలిపోతుంటుంది, అన్నం సహించదు. శరీరం ఎత్తుకు అలవాటు పడకపోతే వచ్చే జబ్బు ఇది.

పగలు ఎంత ఎత్తుకు వెళ్లారన్న దానికంటే రాత్రి ఏ ఎత్తులో నిద్రపోయారన్నదే ఈ ట్రెక్‌ను నిలబెట్టేది, చెడగొట్టేది. అందుకే ప్లాన్ రాసుకునేటప్పుడు కిలోమీటర్లు పక్కన పెట్టి రాత్రులు లెక్కపెట్టండి. మిగతా ఏర్పాట్లన్నీ ఆ లెక్క చుట్టూ చేసుకునేవే.

ముందు దారి, నెల తేల్చుకోండి

మొదటిసారి హిమాలయాలకు వెళ్తున్నవాళ్లంతా ఎవరెస్ట్ దారే పట్టాలని లేదు. వారం రోజులే సెలవు దొరికితే పోఖరా వైపు ఘోడేపానీ, పూన్ హిల్ (3,210 మీటర్లు) హాయిగా సరిపోతాయి. ఇంకొన్ని రోజులుంటే అన్నపూర్ణ బేస్ క్యాంప్ (4,130) ఉంది. కాఠ్‌మాండూకు దగ్గరలో, జనం తక్కువగా ఉండాలంటే లాంగ్‌టాంగ్. అన్నపూర్ణ సర్క్యూట్‌లో 5,416 మీటర్ల థొరాంగ్ లా కనుమ దాటాలి, కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పది రోజుల సెలవులో ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌ను ఇరికించడం కంటే, అదే పది రోజుల్లో అన్నపూర్ణ బేస్ క్యాంప్‌కు నింపాదిగా వెళ్లి రావడం నయమని నా అభిప్రాయం.

సీజన్లు రెండు. మార్చి నుంచి మే వరకు ఒకటి, సెప్టెంబరు చివర నుంచి నవంబరు వరకు రెండోది. వసంతంలో కింది అడవుల్లో గురాన్స్ పూలు విరబూస్తాయి, బేస్ క్యాంప్‌లో పర్వతారోహకుల గుడారాలు ఉంటాయి. శరదృతువులో ఆకాశం తేటగా ఉంటుంది, దారి మాత్రం కిటకిటలాడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, జలగలు, రద్దయ్యే విమానాలు. డిసెంబరు, జనవరిలో జనం ఉండరు గానీ పైన చలి ఎముకలు కొరికేస్తుంది.

అక్టోబరు అంటే వాతావరణానికి గ్యారంటీ అనుకుంటారు. ఇక్కడ తెలుగువాళ్లకు బాగా గుర్తుండే పేరొకటి చెప్పాలి. 2014 అక్టోబరు 12న విశాఖను కుదిపేసిన హుద్‌హుద్ తుపాను అక్కడితో ఆగలేదు. దాని మిగులు తేమ ఉత్తరానికి సాగి, రెండు రోజుల తర్వాత థొరాంగ్ లా ప్రాంతంలో మంచు తుపానుగా విరుచుకుపడింది. ట్రెక్కర్లు, గైడ్లు, స్థానికులు కలిపి నలభై మందికి పైగా చనిపోయారు. కాబట్టి అక్టోబరు, నవంబరుల్లో బయల్దేరేవాళ్లు నేపాల్ వాతావరణంతో పాటు బంగాళాఖాతం మీద కూడా కన్నేసి ఉంచాలి. ఒడిశా, ఆంధ్ర తీరాల వైపు తుపాను వస్తోందంటే పైన ఉన్నవాళ్లకు ఒకటి రెండు రోజుల గడువు దొరికినట్టే. ఆ గడువులో కనుమ దాటే సాహసం చేయకుండా ఊళ్లోనే ఆగిపోవాలి.

రాత్రుల పట్టిక

వైద్యులు చెప్పే సూత్రం ఇది: 3,000 మీటర్లు దాటాక, నిద్రపోయే ఎత్తు ఒక రాత్రికి 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒకే చోట రెండు రాత్రులు ఉండాలి. దీన్ని ఎవరెస్ట్ దారికి అన్వయిస్తే పట్టిక దాదాపు ఇలా వస్తుంది:

1వ రాత్రి: ఫాక్‌డింగ్, 2,610 మీటర్లు. విమానం దిగేది లుక్లాలో (2,860), పడుకునేది అంతకంటే కిందే.
2, 3 రాత్రులు: నామ్చే బజార్, 3,440.
4వ రాత్రి: టెంగ్‌బోచే, 3,860. గది దొరక్కపోతే కొంచెం కిందనున్న దేబుచే.
5, 6 రాత్రులు: డింగ్‌బోచే, 4,410.
7వ రాత్రి: లోబుచే, 4,900 పైచిలుకు.
8వ రాత్రి: గోరక్‌షెప్, సుమారు 5,160. ఆ రోజే బేస్ క్యాంప్ (5,364) చూసి రావడం.
9వ రాత్రి: తెల్లవారుజామున కాలాపత్థర్ కొండ ఎక్కి, దిగి ఫెరిచేకు.
10, 11 రాత్రులు: నామ్చే, లుక్లా.
12వ రోజు విమానం.

ఫాక్‌డింగ్ నుంచి నామ్చేకు ఒక్క రోజులో 830 మీటర్లు పెరుగుతుంది, సూత్రానికి మించిందే. మోంజో, జోర్సాలే దాటాక నామ్చే దాకా ఆగే చోట్లు లేవు గనుక ఆ బాకీని నామ్చేలో రెండో రాత్రి ఉండి తీర్చాలి. టెంగ్‌బోచే నుంచి డింగ్‌బోచేకు 550. అక్కడా రెండో రాత్రి అందుకే. ఏజెన్సీ ఎవరైనా "తొమ్మిది రోజుల్లో తీసుకెళ్లి తెస్తాం" అంటే, వాళ్ల ప్లాన్ పక్కన ఈ అంకెలు రాసి చూడండి. ఏ రాత్రిని కోసేశారో తెలిసిపోతుంది. చాలాసార్లు అది డింగ్‌బోచే రెండో రాత్రే.

ఈ పట్టికకు రెండు మూడు ఖాళీ రోజులు కలపండి. అవి జబ్బు చేస్తే ఆగడానికీ, విమానం రద్దయితే ఎదురుచూడడానికీ. ఖాళీ రోజులు పెట్టుకోవడానికి కుదరనివాళ్లు చిన్న ట్రెక్ ఎంచుకోవడమే మేలు.

"విశ్రాంతి రోజు" అంటే దుప్పటి ముసుగుతన్ని పడుకోవడం కాదు. పైకెక్కి, కాసేపు ఉండి, కిందికొచ్చి పడుకోవాలి. నామ్చే నుంచి 3,880 మీటర్ల ఎత్తులోని ఎవరెస్ట్ వ్యూ హోటల్ దాకా, డింగ్‌బోచేలో వెనకనున్న నాంగ్‌కర్‌షాంగ్ కొండ మీదికి ఓపిక ఉన్నంత మేర ఎక్కి దిగితే సరి.

కాగితాలు, పర్మిట్లు, డబ్బు

భారతీయులకు నేపాల్ వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్లడానికి పాస్‌పోర్టు గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డు గానీ ఉండాలి. 15 నుంచి 65 ఏళ్ల మధ్య వాళ్లకు ఆధార్ చెల్లదు. ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర ఈ సంగతి తెలుసుకుంటే చేయగలిగిందేమీ ఉండదు.

ఎవరెస్ట్ దారిలో రెండు పర్మిట్లు కావాలి. సాగర్‌మాథా నేషనల్ పార్క్ ప్రవేశ రుసుము సార్క్ దేశాలవాళ్లకు 1,500 నేపాలీ రూపాయలు, ఇతర విదేశీయులకు 3,000. రెండోది, ఎవరెస్ట్ ప్రాంతమైన ఖుంబూలో, ఖుంబూ పసాంగ్ ల్హాము గ్రామీణ మున్సిపాలిటీ వసూలు చేసేది. రెండూ దారిలోనే, లుక్లా, మోంజోల దగ్గర తీసుకోవచ్చు. అన్నపూర్ణ వైపు వెళ్తే ఏసీఏపీ (అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం) పర్మిట్ సార్క్ దేశాలవాళ్లకు 1,000, ఇతరులకు 3,000. సార్క్ రేటు అడిగి తీసుకోండి, అడక్కపోతే పూర్తి ధర రాసేసే అవకాశం ఉంది. ఈ రుసుములు అప్పుడప్పుడూ మారుతుంటాయి, బయల్దేరే ముందు ఒకసారి సరిచూసుకోండి.

భారత రూపాయికి 1.60 నేపాలీ రూపాయలన్నది స్థిర మారకం రేటు, కాబట్టి లెక్క తేలిక. డబ్బు మాత్రం కాఠ్‌మాండూలోనే నేపాలీ నోట్లుగా మార్చుకోండి. నామ్చేలో ఏటీఎంలు ఉన్నాయి గానీ వాటి మీద భరోసా పెట్టుకోవద్దు, నామ్చే దాటాక అసలు లేవనుకోండి. పైకి వెళ్లేకొద్దీ ప్రతిదీ ఖరీదే. మోసుకొచ్చే మనిషి కూలీ, యాక్ కిరాయి ఆ ధరలోనే ఉంటాయి కాబట్టి టీ కప్పు దగ్గర బేరమాడడం బాగుండదు. గది అద్దె చవక, ఎందుకంటే రాత్రి భోజనం, పొద్దుటి టిఫిన్ అక్కడే తినాలన్నది మాట. ఫోన్ చార్జింగ్‌కూ, వేడినీళ్లకూ, వైఫైకీ వేరేగా డబ్బు.

గైడ్, పోర్టర్, బీమా

విదేశీ ట్రెక్కర్లు గైడ్‌ను వెంట పెట్టుకోవాలన్న నిబంధనను నేపాల్ టూరిజం బోర్డు 2023 ఏప్రిల్ 1 నుంచి తెచ్చింది. ఖుంబూ స్థానిక పాలన మాత్రం దాన్ని తన ప్రాంతంలో అమలు చేయలేదు. అంటే ఎవరెస్ట్ దారిలో గైడ్ లేకుండా నడిచేవాళ్లు ఉన్నారు. దారి తప్పడం కష్టమే, కానీ మొదటిసారి వెళ్లేవాళ్లు గైడ్‌ను పెట్టుకోమనే చెబుతాను. దారి చూపించడానికి కాదు. ఉదయం మీ మొహం చూసి "ఈ రోజు పైకి వద్దు" అనగలిగే మనిషి ఒకరు పక్కన ఉండాలి. ఎత్తులో మన బుర్ర మనకే అబద్ధం చెబుతుంది.

పోర్టర్‌ను పెట్టుకుంటే ఇద్దరికి ఒకరు చాలు. మీ ఇద్దరి సామాను కలిపి 20 కిలోలు దాటకుండా చూసుకోండి. అతనికి వెచ్చని జాకెట్, మంచి బూట్లు, బీమా ఉన్నాయో లేదో కాఠ్‌మాండూలోనే ఏజెన్సీని అడగండి. పోర్టర్లలో చాలామంది కింది జిల్లాలవాళ్లు, ఎత్తు జబ్బు వాళ్లనూ వదలదు. అతనికి తలనొప్పి వస్తే మీరు ఆగే తీరాలి.

బీమా పాలసీలో మూడు చూడండి: ట్రెక్కింగ్ ఎంత ఎత్తు వరకు కవరవుతుంది (6,000 మీటర్లు ఉండాలి), హెలికాప్టర్ తరలింపు ఉందా లేదా, అత్యవసర ఫోన్ నంబరు ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుందా. మామూలు ట్రావెల్ పాలసీలు చాలావరకు ఈ ఎత్తులకు వర్తించవు. బీమా డబ్బు కోసం మామూలు తలనొప్పికీ హెలికాప్టర్ పిలిపించే దందా మీద నేపాల్ ప్రభుత్వం 2018లో విచారణ చేయించింది. కాబట్టి ఎవరైనా తొందరపెట్టి హెలికాప్టర్ ఎక్కిస్తుంటే ముందు బీమా కంపెనీకి ఫోన్ చేయండి. నిజంగా ప్రాణం మీదికి వస్తే మాత్రం ఫోన్ కలవలేదని ఆగొద్దు.

శరీరం, సామాను

పది పన్నెండు వారాల ముందు మొదలుపెట్టండి. మెట్లు ఎక్కడం, దిగడం, వీపు మీద ఏడెనిమిది కిలోల బ్యాగుతో. దిగడాన్ని అందరూ వదిలేస్తారు. ట్రెక్‌లో మోకాళ్లు ఏడ్చేది దిగేటప్పుడే. వారాంతంలో ఒకరోజు నాలుగైదు గంటలు, మర్నాడు మళ్లీ అంతే నడవగలిగితే చాలు, ఇక పరుగు పందేలేం అక్కర్లేదు. బూట్లు ఈ సాధనలోనే పాదాలకు అలవాటు పడాలి. కొత్త బూట్లతో లుక్లాలో దిగితే నామ్చే చేరేలోపే బొబ్బలు.

సామాను జాబితాలు ఎక్కడైనా దొరుకుతాయి. నేను పట్టుబట్టేవి కొన్నే. నూలు బనియన్లు వద్దు, చెమటకు తడిసి ఆరవు, ఆగగానే చలి పట్టుకుంటుంది. లోపల థర్మల్, మధ్యలో ఫ్లీస్, పైన గాలీ వానా ఆపే జాకెట్, సాయంత్రాలకు డౌన్ (పక్షి ఈకలు నింపిన) జాకెట్. మైనస్ పది డిగ్రీలకు పనికొచ్చే స్లీపింగ్ బ్యాగ్. దీన్నీ డౌన్ జాకెట్‌నూ కాఠ్‌మాండూ థమేల్ వీధుల్లో అద్దెకు తీసుకోవచ్చు, ఒక్క ట్రెక్ కోసం కొనడం దండగ. ట్రెక్కింగ్ పోల్స్, హెడ్‌ల్యాంప్, యూవీ కళ్లద్దాలు, సన్‌స్క్రీన్. మెడకు బఫ్ (ముక్కు దాకా లాక్కోగలిగే గుడ్డ గొట్టం) తప్పనిసరి. పైన పొడిగాలికి వచ్చే దగ్గును "ఖుంబూ దగ్గు" అనే పిలుస్తారు, ముక్కూ నోరూ కప్పుకుని నడిస్తే చాలావరకు తప్పుతుంది.

రాత్రి పడుకునేటప్పుడు ఫోన్, పవర్‌బ్యాంక్, మర్నాడు వేసుకునే సాక్సు, నీళ్ల ఫిల్టర్ అన్నీ స్లీపింగ్ బ్యాగ్‌లోకి వెళ్లాలి. చలికి బ్యాటరీ పడిపోతుంది, ఫిల్టర్ గడ్డకడితే పాడవుతుంది. సీసాలో వేడినీళ్లు పోయించి మూత గట్టిగా బిగించి కాళ్ల దగ్గర పెట్టుకుంటే, రాత్రికి వెచ్చదనం, పొద్దున్నే తాగడానికి గడ్డకట్టని నీళ్లు.

లుక్లా చేరడం

లుక్లా రన్‌వే 527 మీటర్లే, అదీ ఏటవాలు. మబ్బు కమ్మితే విమానాలు లేవు. అందుకే ఉదయం మొదటి విమానాలకే బుక్ చేసుకోండి. రద్దీ నెలల్లో చాలా విమానాలు కాఠ్‌మాండూ నుంచి కాకుండా రామేఛాప్ జిల్లా మంథలి నుంచి నడుస్తాయి. అంటే అర్ధరాత్రి దాటాక జీపెక్కి నాలుగైదు గంటలు కొండదారిలో వెళ్లాలి. ఆ ముందు రాత్రి నిద్ర ఉండదని ముందే అనుకుంటే టెన్షన్ తగ్గుతుంది. సామాను పరిమితి సాధారణంగా 15 కిలోలు, చేతి సంచితో కలిపి. నేపాల్ గడియారం మనకంటే పదిహేను నిమిషాలు ముందుంటుంది, ఫోన్ తనంతట తాను మార్చుకోకపోతే ఆ పదిహేను నిమిషాలే కొంప ముంచుతాయి.

విమానమంటే భయమైనవాళ్లు సల్లేరి వైపు జీపులో వెళ్లి అక్కడి నుంచి నడుస్తారు. రోజులు పెరుగుతాయి గానీ, ఎత్తుకు అలవాటు పడడానికి అంతకంటే మంచి దారి లేదు.

దారిలో ఒక రోజు

పొద్దున ఏడున్నరకల్లా బయల్దేరితే మధ్యాహ్నం రెండు మూడింటికి లాడ్జి చేరొచ్చు. మధ్యాహ్నం తర్వాత మబ్బులు, గాలి. నడక వేగానికి ఒకే కొలత: పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట మధ్యలో ఊపిరి అందకపోతే వేగం ఎక్కువైనట్టే. నామ్చేకు ముందు పెద్ద వేలాడే వంతెన దాటాక రెండు గంటలకు పైగా ఎడతెగని ఎక్కుడు. అక్కడ ఉరికేవాళ్లు మర్నాడు నామ్చేలో తల పట్టుకుని కూర్చుంటారు.

యాక్‌లు, జొప్కియోలు (యాక్, ఆవు సంకర పశువులు) బరువులతో వస్తుంటే కొండగోడ వైపు జరిగి నిలబడండి, లోయ అంచు వైపు ఎన్నడూ వద్దు. వాటి వీపు మీది గ్యాస్ సిలిండరు తగిలినా చాలు, కింద పడతారు. వంతెన మీద అవి ఉంటే దిగేదాకా ఆగాలి. మంత్రాలు చెక్కిన మణి రాళ్ల గోడలు, స్తూపాలు మీ కుడిచేతి వైపు ఉండేలా దాటడం అక్కడి మర్యాద.

భోజనానికి దాల్ భాత్ అడగండి. అన్నం, పప్పు, కూర అడిగినన్నిసార్లు వడ్డిస్తారు, మనకు ఎలాగూ పడుతుంది. నామ్చే దాటాక మాంసం వద్దు. ఆ ప్రాంతంలో జంతువుల్ని చంపరు, మాంసమంతా కింది నుంచి ఫ్రిజ్ లేకుండా రోజుల తరబడి మోసుకొచ్చిందే. నీళ్లు రోజుకు మూడు లీటర్లకు తగ్గకుండా, మరగబెట్టినవి గానీ క్లోరిన్ మాత్ర వేసినవి గానీ. మద్యం, నిద్రమాత్రలు కిందికి దిగేదాకా ముట్టుకోవద్దు.

ఎత్తు జబ్బు

5,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానికి సగమే. ప్రతి శ్వాసలోనూ దొరికే ఆక్సిజన్ సగమైపోతుంది. శరీరం దీనికి సర్దుకోగలదు, కాకపోతే దానికి రోజులు కావాలి. వయసు, ఫిట్‌నెస్ దీన్నుంచి కాపాడవు. కుర్రాళ్లు వేగంగా ఎక్కుతారు కాబట్టి ఇంకా ముందే దొరికిపోతారు.

తలనొప్పి, దాంతోపాటు ఆకలి లేకపోవడం, వికారం, నీరసం, కళ్లు తిరగడం ఉంటే అది ఎత్తు జబ్బే అనుకోండి. వేరే కారణం రుజువయ్యేదాకా అలాగే అనుకోవాలి. అప్పుడు పైకి ఒక్క అడుగూ వేయకూడదు. అక్కడే ఆగి, నీళ్లు తాగి, కావాలంటే పారాసిటమాల్ వేసుకుని ఒక రోజు చూడండి. తగ్గితే ముందుకు, పెరిగితే కిందికి.

ప్రాణాంతకమైనవి రెండు. మెదడులో వాపు వస్తే మనిషి తడబడతాడు, మాట తేడాగా వస్తుంది, అయోమయంగా ఉంటాడు. పరీక్ష తేలిక: లాడ్జి ముందు సమతలంగా ఉన్న చోట, ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు ఆనిస్తూ పది అడుగులు నేరుగా నడవమనండి. తూలితే, పక్కకు అడుగు వేస్తే, ఇక చర్చ లేదు. రెండోది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. కూర్చుని ఉన్నా ఆయాసం, నడుస్తుంటే అందరికంటే వెనకబడిపోవడం, ఆగని దగ్గు, ముదిరితే గులాబీ రంగు నురగ. రెండింటికీ మందు ఒకటే, వెంటనే కిందికి దిగడం. తెల్లారనిద్దాం అనుకోవద్దు, హెడ్‌ల్యాంప్ పెట్టుకునైనా, మోసుకుంటూ అయినా దించాలి. ఒంటరిగా పంపకూడదు.

ఎత్తు జబ్బుకు వాడే డయామాక్స్ మాత్ర గురించి అందరూ అడుగుతారు. నివారణకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడం మొదలయ్యే ముందు రోజు నుంచి వాడతారు. సల్ఫా మందులు పడనివాళ్లకు ఇది ప్రమాదం కావచ్చు, అందుకే ముందే మీ డాక్టరును అడిగి తీసుకోండి. వేళ్లు తిమ్మిరెక్కడం, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం మామూలే. ఇది శరీరం అలవాటు పడడాన్ని త్వరపెడుతుందంతే, పట్టికలో రాత్రిని కోసేయడానికి లైసెన్సు కాదు.

ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్యశిబిరం సీజన్‌లో పనిచేస్తుంది. 1973లో మొదలైన ఈ సంస్థ వైద్యులు ట్రెక్కర్లకు ఎత్తు జబ్బు మీద ఉచితంగా మాట్లాడతారు. డింగ్‌బోచేలో రెండో రాత్రి ఉంటారు కదా, ఆ రోజు మధ్యాహ్నం అక్కడికి నడిచి వెళ్లి రావచ్చు.

పైన

బేస్ క్యాంప్ నుంచి ఎవరెస్ట్ శిఖరం కనిపించదు, దాని పడమటి భుజమే (వెస్ట్ షోల్డర్) అడ్డం. ఇది ముందే తెలియక చాలామంది నిరాశ పడతారు. అక్కడ చూడాల్సింది ఖుంబూ ఐస్‌ఫాల్ (నిట్టవాలులో ముక్కలై జారే హిమానీనదం), ఇళ్లంత మంచుగడ్డలు నిట్టూర్చినట్టు కదిలే చప్పుడు. 8,848.86 మీటర్ల శిఖరాన్ని చూడాలంటే మర్నాడు కాలాపత్థర్ ఎక్కాలి. చీకట్లో బయల్దేరితే చలి దారుణం. సూర్యోదయం ఫొటోల మోజు లేకపోతే, కాస్త వెలుగొచ్చాక బయల్దేరడం మంచిది, వెలుతురు ఎలాగూ శిఖరం వెనక నుంచే వస్తుంది. గోరక్‌షెప్‌లో రాత్రి సరిగా నిద్రపట్టని వాళ్లు కాలాపత్థర్ వదిలేసినా ట్రెక్ తక్కువైపోదు.

దిగుబాటు

రెండు మూడు రోజుల్లో దిగిపోతాం కాబట్టి అందరూ పరుగెత్తుతారు. చీలమండలు మెలికపడేది అప్పుడే. పోల్స్ కొంచెం పొడవు పెంచి, చిన్న చిన్న అడుగులతో దిగండి. గైడ్‌కు, పోర్టర్‌కు టిప్పు లుక్లాలో చివరి సాయంత్రం, ఎవరిది వాళ్ల చేతికే ఇవ్వండి. గైడ్ ద్వారా పోర్టర్‌కు పంపొద్దు.

లుక్లా నుంచి మర్నాడే విమానం ఎగురుతుందన్న నమ్మకం లేదు. కాఠ్‌మాండూ నుంచి ఇంటికి వెళ్లే టికెట్టు కనీసం రెండు రోజుల తర్వాతకి పెట్టుకోండి. విమానం టైముకే ఎగిరి ఆ రోజులు మిగిలిపోతే త్రిశూలి నదిలో రాఫ్టింగ్ ఉంది, ఇంకో రోజు కలిస్తే పోఖరా సారంగ్‌కోట్ నుంచి పారాగ్లైడింగ్ ఉంది. ఇవి ట్రెక్‌కు ముందు పెట్టుకునేవాళ్లను చూస్తే ఆశ్చర్యమేస్తుంది. అక్కడ కాలు బెణికితే లుక్లా టికెట్టు, గైడ్ అడ్వాన్సు అన్నీ నీళ్లపాలే.